అక్క మడిచిన సంచులు

"మా అక్కను నేను చంపానో లేదో తేల్చి చెప్పండి" అంది ఆ అమ్మాయి, కుర్చీలో కూర్చోకముందే.

ప్రైవేటు పరిశోధకుల దగ్గరికి వచ్చేవాళ్ళు మామూలుగా ఎదుటివాళ్ళ తప్పు పట్టుకోమని అడుగుతారు. తన మీద తానే అనుమానంతో వచ్చిన మనిషిని ఆ ఆఫీసు అంతవరకూ చూడలేదు. కిటికీ పక్కన కెమెరా తుడుచుకుంటున్న ఫొటోగ్రాఫరు చెయ్యి ఆగిపోయింది. టీచరమ్మ మాత్రం కుర్చీ చూపించి, "ముందు కూర్చోమ్మా, మంచినీళ్ళు తాగు" అంది.

టీచరమ్మ బడిలో పాఠాలు చెప్పింది లేదు. ఎవరైనా అబద్ధమాడితే లెక్క తప్పు చేసిన పిల్లవాణ్ణి చూసినట్టు చూస్తుందని ఆమెకు ఆ పేరు పడింది. ఫొటోగ్రాఫరు ఒకప్పుడు సొంతంగా స్టూడియో నడిపి, చేతులు కాల్చుకుని, ఆమె దగ్గర సహాయకుడిగా చేరాడు. టీచరమ్మ తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉంటుందని నమ్మే మనిషి ఆయన. ఆమె ఊరికే తుమ్మిన సందర్భాలు కూడా ఉన్నాయని చెబితే ఒప్పుకోడు.

అమ్మాయి నీళ్ళు తాగలేదు. హ్యాండ్‌బ్యాగులోంచి ఒక కాగితం సంచి తీసి బల్ల మీద పెట్టింది. సన్నగా, పొడుగ్గా ఉంది. మూతి దగ్గర అంచు లోపలికి మడిచి, ఎడమ మూలను వెనక్కి తిప్పి ఉంది.

"ఇది మా అక్క మడత. ఎడమచేతి వాటం. ఎన్నిసార్లు చూపించినా నాకు రాలేదు. అక్క పోయి నెల దాటింది. ఇప్పుడు రోజు విడిచి రోజు పొద్దున నేను తాళం తీసేసరికి, మొక్కలకి కొత్తగా ఇలాంటి సంచులు తొడిగి ఉంటున్నాయి."

ఫొటోగ్రాఫరు సంచికి కాస్త దూరంగా జరిగాడు.

"మొదటినుంచీ చెప్పు. ఏం మొక్కలు?" అంది టీచరమ్మ.

"జొన్న. తినేది కాదు, ఇంధనం కోసం. మామూలు కాడ గట్టిగా ఉంటుంది కదండీ, దాన్ని కరిగించి నూనెలా మార్చడానికి తల ప్రాణం తోకకొస్తుంది. అక్క ఆ గట్టిదనాన్నిచ్చే జన్యువును అణిచేసి, మెత్తని కాడ ఉండే జొన్న తయారుచేసింది. మా సంస్థలో గాజు గదిలో పెంచుతున్నాం. నేను అక్కకి సహాయంగా ఉంటాను."

"ఈ సంచులు దేనికి?"

"కంకికి పూత రాకముందే తొడుగుతాం, వేరే మొక్క పుప్పొడి పడకుండా. మా అక్క ఇంట్లో కూర్చుని రేడియో వింటూ కట్టలు కట్టలు మడిచేది. క్లిప్పులు కోటు అంచుకి వరసగా పెట్టుకుని, గదిలో ఒక్కొక్కటీ తీసి బిగించేది."

తర్వాత ఆమె అక్క చనిపోయిన రోజు గురించి చెప్పింది. ఆ రోజు మధ్యాహ్నం అక్క చాలా కోపంగా ఉందట. పోయిన పంటప్పుడు గాజు గది గాలి కిటికీకున్న వల చిరిగింది. పుప్పొడి బయటికి పోయింది. ఆ పంట గింజనే విత్తనంగా వేసిన పక్క పొలం రైతు జొన్న ఇప్పుడు నడుము విరిగినట్టు నేలకు వాలిపోయింది. 'రేపు పొద్దున్నే మొక్కలన్నీ నరికేద్దాం, ఒక్క గింజ కూడా కట్టకూడదు' అని చెల్లెలితో అంది.

"సాయంత్రం నేను రోజూలాగే నేల కడిగాను. పుప్పొడి కాళ్ళకి అంటుకుని బయటికి పోకూడదని మాకది నియమం. కడిగాక దీపాలార్పి, 'అక్కా, ఉన్నావా' అని పిలిచాను. పలకలేదు. ఇంటికి వెళ్ళిపోయిందనుకుని బయట తాళం వేశాను. మొక్కలు తొందరగా ఎదగడానికి రాత్రంతా గదిలోకి బొగ్గుపులుసు గాలి వదులుతాం. కొంచెమైతే ఏం కాదు. ఆ రాత్రి మీట పూర్తిగా తెరుచుకుని ఉంది."

"పొద్దున తలుపు తీసింది నువ్వేనా?"

"నేనే. అక్క వరస చివర వెల్లకిలా పడుంది. ఊపిరి బిగబట్టి పరిగెత్తాను. పక్కన మోకాళ్ళ మీద పడ్డాను. నా మోకాళ్ళు పసుపుముద్దలయ్యాయి, నేలంతా పుప్పొడే. అక్క ముఖం మాత్రం కడుక్కుని పడుకున్నట్టు ఎంత శుభ్రంగా ఉందో." ఆమె బల్ల మీది సంచిని దగ్గరికి లాక్కుంది. "మొక్కల వెనక వంగి ఉండుంటుంది. కళ్ళు తిరిగి పడిపోయి ఉంటుంది. నేను ఒక్కసారి లోపలికెళ్ళి చూసుంటే బతికేది. పోలీసులు ప్రమాదమన్నారు. బావ కూడా రోజూ చెబుతాడు, నీ తప్పు లేదు చిట్టీ, తాళం వేసేటప్పుడు ప్రతి మూలా ఎవరు చూస్తారు అని. కానీ అక్క వదలట్లేదు. వచ్చి సంచులు తొడుగుతోంది. నన్ను పిలుస్తోంది."

"మీ అక్క దగ్గర తాళంచెవి లేదా?"

"ఉంది. ఎప్పుడూ మరిచిపోదు, ఆ రోజే మరిచిపోయింది. ఇంట్లో మేకుకే వేలాడుతోందని బావ చెప్పాడు. మూడోది డైరెక్టరుగారి దగ్గరుంటుంది."

టీచరమ్మ సంచిని మళ్ళీ ఒకసారి తిప్పి చూసి, పొద్దున్నే వస్తామంది.

*

గాజు గదికి దారి ఒక సన్నని వసారా. అందులో పెద్ద ఫ్యాన్లు ఒకటే హోరు. పక్కవాడు అరిచినా వినపడదు. గాజు తలుపుకి ఆనుకునే ఇంకో చిన్న ఇనుప తలుపు ఉంది, బయట గడియతో.

"గ్యాసు సిలిండర్ల గది. బావ చూసుకుంటాడు. ఇక్కడ యంత్రాలన్నీ ఆయన చేతిలోవే" అంది చెల్లెలు. "చెప్పులు ఇక్కడే విడవాలి. లోపలికి వేరే చెప్పులు."

ఫొటోగ్రాఫరు ఇనుప తలుపు ముందు ఒంటికాలి మీద నిలబడి బూట్లతో కుస్తీ పట్టాడు. టీచరమ్మ గడియ తీసి సిలిండర్ల గదిలోకి తొంగిచూసింది. లోపల మనిషి తిరగడానికే చోటు లేదు. తలుపుకీ చట్రానికీ మధ్య సందులో ఏదో మెరిసింది. ఆమె దాన్ని లాగి, కాసేపు చూసి, చేతిరుమాల్లో చుట్టేసింది. ముఖంలో రంగు మారింది. ఏమిటని ఫొటోగ్రాఫరు కళ్ళతోనే అడిగాడు. ఆమె గాజు తలుపు వైపు నడిచింది.

గాజు గదిలో రెండు వరసలున్నాయి. ఒక వరస గింజ కట్టి తలలు వంచింది. ఆలస్యంగా నాటిన రెండో వరస ఇప్పుడే పూతలో ఉంది. లోపల గాలి తడిగా, బరువుగా ఉంది. గింజ కట్టిన వరసలో అక్కడక్కడా కాగితం సంచులు నిలబడి ఉన్నాయి. గాలి లేకపోయినా వాటిలో ఒకటి కదిలినట్టనిపించి ఫొటోగ్రాఫరుకి ఒళ్ళు జలదరించింది. భయం కప్పిపుచ్చుకోవడానికి కెమెరా తీసి, పూత కంకుల కింద దూరి ఫొటోలు తీశాడు. లేచేసరికి నల్ల చొక్కా భుజాల నిండా పసుపు.

"దులిపితే పోదండీ" అంది చెల్లెలు. "తెల్లవారుజామున విచ్చుకుని రాలుతుంది. వెలుతురొచ్చే వేళకి చాలావరకు అయిపోతుంది. బట్టకి పట్టిందంటే ఉతికితేగాని వదలదు."

టీచరమ్మ ఒక సంచిని రెండు వేళ్ళతో నొక్కింది. సంచి మెత్తగా చప్పబడిపోయింది. ఇంకోటి నొక్కింది. అదీ అంతే.

"వీటిని ఎవరూ విప్పలేదా?"

"ఎవరికి ధైర్యం? ఇద్దరు పనివాళ్ళు మానేశారు. మీ దగ్గరికి తెచ్చింది కూడా నేల మీద పడి ఉంటే తీశాను. అక్క తొడిగినవి అక్క చెప్పకుండా ముట్టుకోకూడదనిపించింది."

అప్పుడే డైరెక్టరుగారు వచ్చారు. టై సర్దుకుంటూ, మాట పొదుపుగా వాడుకునే మనిషి.

"మీ వల్ల సంస్థకి చెడ్డపేరు రాకూడదు" అన్నారు.

"మొక్కల్ని నరికేస్తానని ఆమె మీకు చెప్పిందా?"

"ఫోన్లో చెప్పింది. నేను వద్దన్నాను."

"ఆమె పోయాక కూడా ఉంచారు."

"పరిశోధన ఆగకూడదు కదా."

"ఆ రాత్రి మీరెక్కడున్నారు?"

"ఊళ్ళో లేను. ఇంధన కంపెనీవాళ్ళ సమావేశంలో ఉన్నాను. నా తాళంచెవి నా సూట్‌కేసులోనే ఉంది. మర్నాడు మధ్యాహ్నం దిగాను. నలభైమంది చూశారు, కనుక్కోండి."

ఫొటోగ్రాఫరు కనుక్కున్నాడు. ఆయన నచ్చకపోయినా, చెప్పింది నిజమే.

*

అక్కాచెల్లెళ్ళ ఇల్లు అక్కడికి దగ్గరే. తల్లిదండ్రులు పోయాక చెల్లెల్ని పెంచింది అక్కా బావలే. బావ తలుపు తీశాడు. గడ్డం మాసి, కళ్ళు లోతుకుపోయి, చూసినవాళ్ళకి జాలి పుట్టించేలా ఉన్నాడు. చెల్లెల్ని చూడగానే తల నిమిరాడు.

"పొద్దున ఏమైనా తిన్నావా చిట్టీ? మళ్ళీ దాని గురించే ఆలోచిస్తున్నావా? నీ తప్పేం లేదని ఎన్నిసార్లు చెప్పను?"

ఆ మాటకి ఆ అమ్మాయి ఇంకా కుంగిపోయింది. టీచరమ్మ అది గమనించింది.

"ఆ రాత్రి మీ ఆవిడ ఇంటికి రాకపోతే వెతకలేదా?" అని అడిగింది.

"పూత రోజుల్లో అక్కడే ఉండిపోతుందండీ. అలవాటే. నేను తిని పడుకున్నాను." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "లేచి వెళ్ళి చూసుంటే ఎంత బాగుండేది."

మేకుకి తాళంచెవి వేలాడుతోంది. దాని కింద చిన్న బల్ల మీద రేడియో, పక్కన మడిచిన కాగితం సంచుల కట్ట ఒకటి. కట్టకి కట్టిన దారం వదులుగా ఉంది.

"ఆమె వేసుకున్న కోటు ఉందా?"

"నా దగ్గరుంది" అంది చెల్లెలు. "ఆ మధ్యాహ్నమే ఉతికినది వేసుకుంది. పోలీసులు ఇచ్చేశారు. నేను ఉతకలేదు. అక్క వాసన పోతుందని."

పై గదిలోంచి తెచ్చింది. ముదురు నీలం కోటు. టీచరమ్మ దాన్ని కిటికీ వెలుతురులో పరిచి, ముందు భాగమంతా, కాలరు మడతలూ, జేబుల అంచులూ వేళ్ళతో తడిమింది. అంచుకి ఒక్క క్లిప్పూ లేదు. బట్ట నిగనిగలాడుతోంది. కోటుని జాగ్రత్తగా మడిచి, "దీన్ని రేపటిదాకా నేను ఉంచుకుంటాను" అంది.

దారిలో ఫొటోగ్రాఫరు ఉండబట్టలేకపోయాడు. "మేడమ్, దెయ్యమా మనిషా?"

"నీ చొక్కా ఉతికావా?"

"ఇంకా లేదు."

"రేపు అదే వేసుకురా."

ఆయన రాత్రంతా ఆలోచించాడు. తన చొక్కాకీ దెయ్యానికీ సంబంధం ఏమిటో మాత్రం తట్టలేదు.

*

మర్నాడు పొద్దున గాజు గదిలో నలుగురూ ఉన్నారు. చెల్లెలు, బావ, డైరెక్టరుగారు, పసుపంటిన చొక్కాతో ఫొటోగ్రాఫరు. వసారాలో ఒక పోలీసు అధికారి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. టీచరమ్మ గింజ కట్టిన వరస దగ్గర ఆగింది.

"ముందు దెయ్యం సంగతి చూద్దాం" అంది. "సంచి ఎప్పుడు తొడుగుతారమ్మా?"

"పూతకి ముందు" అంది చెల్లెలు.

"ఈ వరసకి పూత పోయి నెల దాటింది. మీ అక్క బతికి వచ్చినా, చచ్చి వచ్చినా, గింజ కట్టాక సంచి తొడుగుతుందా? పిట్టలు తినకుండా అనుకుందామంటే ఈ గాజు గదిలోకి పిట్ట ఎక్కణ్ణించి వస్తుంది?"

చెల్లెలు సంచుల వైపు తిరిగి చూసింది. ఇంత కాలం చూసి కూడా తనకది తట్టలేదు. ఆ మడత చూడగానే కాళ్ళూ చేతులూ ఆడక, మిగతావేవీ కనపడలేదు.

టీచరమ్మ ఒక సంచి విప్పింది. లోపల కంకి బోసిగా ఉంది. గింజలన్నీ ఎవరో దూసేశారు. రెండోది విప్పింది, మూడోది విప్పింది. అన్నీ ఉత్త కంకులే.

"గింజలు ముదిరినవి ముదిరినట్టు దూసుకుపోతున్నారు. ఉత్త కంకి కనపడితే మీకు తెలిసిపోతుంది, అందుకే సంచి. అక్క మడత ఉన్న సంచి అయితే ఎవరూ ముట్టుకోరు."

"ఆ మడత ఎవరికీ రాదండీ" అంది చెల్లెలు. "బావకి కూడా రాదు."

"రానక్కర్లేదమ్మా. అవి నిజంగా మీ అక్క మడిచినవే. ఇంట్లో రేడియో పక్కన కట్ట ఉంది, సగం అయిపోయింది."

 డైరెక్టరుగారు బావకి ఒక అడుగు ఎడంగా జరిగారు.

"గింజ దొంగతనం నేరమే. కానీ ఈ అమ్మాయి నన్నడిగింది వేరే." టీచరమ్మ అక్క కోటు మడత విప్పి, ఫొటోగ్రాఫరు భుజం పక్కన పట్టుకుంది. "ఈయన నిన్న పూత కంకుల కింద దూరింది కాసేపే. చొక్కా చూడండి. మీ అక్క చనిపోయింది ముందు వరస నిండు పూతలో ఉన్నప్పుడు. నువ్వు సాయంత్రం నేల కడిగావు. పొద్దున అదే నేల మీద నీ మోకాళ్ళు పసుపయ్యాయి. అంటే ఆ తెల్లవారుజామున పుప్పొడి దండిగా రాలింది. రాత్రంతా కంకుల కింద వెల్లకిలా పడి ఉన్న మనిషి మీద కూడా రాలాలి. కోటు చూడు. కాలరు మడతలో కూడా రేణువు లేదు. ముఖం కడుక్కుని పడుకున్నట్టుందని నువ్వే చెప్పావు."

చెల్లెలు కోటు వైపు చెయ్యి చాచి, ముట్టుకోకుండానే వెనక్కి తీసుకుంది.

"పుప్పొడి రాలడం అయిపోయాక, వెలుతురొచ్చాక, ఎవరో ఆమెను తెచ్చి ఇక్కడ పడుకోబెట్టారు. గ్యాసు మీట తిప్పారు. మళ్ళీ తాళం వేశారు. నువ్వు తాళం వేసిన సాయంత్రం మీ అక్క ఈ గదిలో లేదు. నువ్వు చంపలేదమ్మా."

ఆ అమ్మాయి నిలబడ్డచోటే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఫొటోగ్రాఫరు కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

"తాళంచెవులు మూడు" అంది టీచరమ్మ. "ఒకటి ఈ అమ్మాయిది. ఒకటి డైరెక్టరుగారితో పాటు ఊరు దాటింది. మూడోది ఇంట్లో మేకుకుందని మీరే చెప్పారు కదండీ. ఆ ఇంట్లో ఉన్న మీకు తప్ప అది ఇంకెవరికి అందుతుంది? పొద్దున ఆమె జేబులోంచి తీసి, పని కాగానే తీసుకెళ్ళి తగిలించారు. నేల కడిగే పని మీది కాదు కాబట్టి, అక్కడ రోజూ తెల్లవారుజామున ఏం రాలుతుందో మీకు పట్టలేదు."

"నేనెందుకు చంపుతానండీ?" అన్నాడు బావ. గొంతు చాలా మామూలుగా ఉంది. "పాతికేళ్ళ కాపురం."

టీచరమ్మ చేతిరుమాలు విప్పింది. సంచులకు బిగించే క్లిప్పు ఒకటి, పూర్తిగా సాగదీసి తిన్నగా చేసి ఉంది. కొస వంకరపోయింది.

"ఇది సిలిండర్ల గది తలుపు సందులో ఇరుక్కుని ఉంది. లోపలివైపు నుంచి. ఆ గడియ బయట ఉంటుంది. లోపలున్న మనిషి కోటు అంచుకున్న క్లిప్పులు తీసి, వాటితో దాన్ని జరపాలని చూసింది."

 బావ ఆ క్లిప్పును చూస్తూ ఉండిపోయాడు. తర్వాత గోడకి చేరబడి, ఎవరూ అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టాడు.

"నరికేస్తానంది. నేను బయటివాళ్ళకి మాటిచ్చేశాను, విత్తనం తెస్తానని. ఇన్నేళ్ళూ మేడమ్‌గారి మొగుడు, గ్యాసు చూసే ఆయన, అంతే కదా నేను. ఈ ఒక్కటైనా నా పేరు మీద జరగాలనుకున్నాను. బతిమాలాను. వినలేదు. గ్యాసు ఆపేస్తానని తనే ఆ గదిలోకి వెళ్ళింది. గడియ పెట్టాను. కోపం తగ్గాక తీద్దామనుకున్నాను. సిలిండరు కారుతోందని నాకు తెలుసు. తెలిసే ఆలస్యం చేశాను. తీసేసరికి..."

"రాత్రంతా అందులోనే ఉంచారా?" అని అడిగారు డైరెక్టరుగారు. 

బావ తల పక్కకి తిప్పుకున్నాడు.

"ఆమె పోయాక ఆ తప్పు ఈ అమ్మాయి నెత్తిన పెట్టారు" అంది టీచరమ్మ. "నీ తప్పు లేదని రోజూ అంటూ, తప్పంటూ ఒకటుందని రోజూ గుర్తుచేశారు. అది మర్చిపోతే ఆలోచించడం మొదలుపెడుతుందని మీ భయం."

పోలీసు అధికారి లోపలికి వచ్చాడు. బావ చేతులకి బేడీలు వేసి వసారాలోకి నడిపించాడు. మిగతావాళ్ళు వెనకే వచ్చారు. ఇనుప తలుపు దగ్గరికి వచ్చేసరికి చెల్లెలు ఆగింది. తన చెప్పులు ఆ తలుపు ముందే ఉన్నాయి. ఆమె వాటిని చూస్తూ నిలబడింది.

"బావా" అంది. "ఆ సాయంత్రం నేను తాళం వేసి వచ్చి, ఇక్కడే చెప్పులు వేసుకున్నాను. కాసేపు నిలబడ్డాను కూడా. పట్టీ ఊడిపోతే సరిచేసుకున్నాను. ఫ్యాన్ల చప్పుడులో నాకేం వినపడలేదు. అప్పటికి అక్క బతికే ఉందా?"

ఫొటోగ్రాఫరు టీచరమ్మ వైపు చూశాడు. ఆమెకు తెలియనిది ఉండదని ఆయన నమ్మకం. టీచరమ్మ తల అడ్డంగా ఊపింది. దానికి ఆధారం ఎక్కడా లేదు. ఆ సంగతి తెలిసిన మనిషి ఒక్కడే, అతని చేతులకి బేడీలు ఉన్నాయి.

బావ ఆమె వైపు తిరిగాడు. ముఖంలో పాత ప్రేమే ఉంది. అదే అన్నిటికంటే భయంగా ఉంది.

"లేదు చిట్టీ" అన్నాడు మెల్లగా. "అప్పటికే అయిపోయింది. నువ్వేం చెయ్యగలిగేదానివి కాదు."

"ఈ నెలంతా నువ్వు నాకు చెప్పినవన్నీ ఇంత మెల్లగానే చెప్పావు బావా" అంది ఆమె.

 అధికారి ఆయన్ని తీసుకుని వెళ్ళిపోయాడు. చెల్లెలు తన చెప్పుల పక్కనే చతికిలబడింది. టీచరమ్మ వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చుంది. చాలాసేపటిదాకా ఇద్దరూ అక్కణ్ణించి లేవలేదు.